డిట్టర్ వారింటి బీమా

ఆ ఉదయం ఆకాశంలో మూడు సూర్యుళ్ళు కనిపించాయి. నడిమిది అసలుది. అటొకటి ఇటొకటి పాలిపోయిన వెలుగు ముద్దలు, ఒంటికి ఇంద్రధనుస్సు పీలికలు చుట్టుకుని నిలబడ్డాయి. చలి బాగా ముదిరి గాలిలో మంచుపొడి తేలుతుంటే అలా కనిపిస్తాయి. మా వైపు వాటిని సూర్యుడి కుక్కలంటారు. కుక్కలు పొడిచిన రోజున ట్రాక్టరు ఒకంతట స్టార్టు కాదు. లేగదూడల చెవులు గడ్డకడతాయి.

ఆలోయిస్ డిట్టర్ తన చీజ్ ఫ్యాక్టరీ గుమ్మంలో నిలబడి వాటిని చూశాడు. చూసి, టోపీ చెవుల మీదికి లాక్కున్నాడు. సోమవారం మిల్వాకీ నుంచి లాయరు ఫోను చేసిన దగ్గర్నుంచి ఆయన ఇంట్లో ఎవరితోనూ నోరు విప్పి మాట్లాడలేదు. బల్ల దగ్గర "ఉప్పు" అనేవాడు. అంతే.

లాయరు చెప్పిన సంగతి చిన్నదే. పనివాళ్ళకు ఇన్సూరెన్సు ఇచ్చే ప్రతి కంపెనీ, గర్భం రాకుండా వాడే మాత్రలకూ లూపులకూ కూడా అందులో చోటివ్వాలని వాషింగ్టన్ కొత్త చట్టం తెచ్చింది. అది మా కేథలిక్కు మతంలో పాపం, నా చేత్తో కట్టను అని ఆలోయిస్ కోర్టుకెక్కుతున్నాడు. తీరా అన్నీ సిద్ధమయ్యాక లాయరు ఒకటి కనుక్కున్నాడు. డిట్టర్ వారి ఇన్సూరెన్సు ఆ మాత్రలకు ఏళ్ళ తరబడి కడుతూనే ఉంది. ఈ చట్టం పుట్టకముందు నుంచీ.

"వాడుకుంటున్న వాళ్ళు కూడా ఉన్నారట. పేర్లు చెప్పరు. చెప్పకూడదట," అన్నాడు లాయరు.

పేర్లు లేకపోవడమే చిక్కయింది. పేరు తెలిస్తే అనుమానం ఒక్కరి దగ్గర ఆగేది.

పాల లారీ వచ్చి ఆగింది. ఎల్‌రాయ్ దిగి, గొట్టం లాగి బిగించాడు. అతనూ ఆలోయిసూ ఒకే బడిలో చదువుకున్నారు, ఒకే ఏడు మానేశారు.

"కుక్కల్ని చూశావా," అన్నాడు ఎల్‌రాయ్.

"చూశాను."

"రెండు రోజులు కరుస్తాయి." అతను చేతులు చంకల్లో దోపుకున్నాడు. "మీ కేసు సంగతేమైంది."

"నీకెవరు చెప్పారు."

"కేసు సంగతి పేపర్లో వేయించుకున్నది నువ్వేగా."

"కేసు సంగతి కాదు. రెండోది."

ఎల్‌రాయ్ నవ్వాడు. "రెండోది నా రూటులో ప్రతి కొట్టంలోనూ ఉంది. ఆవులు కూడా చెప్పుకుంటున్నాయి. నా ఉద్దేశం అడిగితే చెప్తాను."

"అడగలేదు."

"అడక్కపోయినా చెప్తాను. మన టౌనువాళ్ళు రోడ్డు మీద మంచు తీస్తారా లేదా. కారు లేని ముసలి గెర్టీ ఇంటి ముందు కూడా తీస్తారు. ఆ డబ్బు నా దగ్గరా పిండుతారు, నీ దగ్గరా పిండుతారు. ఈ మాత్రలు కూడా అట్లాగే సర్కారు కొనిచ్చేస్తే నీ చేతికి మసి అంటదు, ఆడవాళ్ళ పనీ ఆగదు."

"పన్ను కట్టేది నేనేగా."

"నువ్వే. కానీ పన్నులో కలిసిపోయిన డాలరుకి మొహం ఉండదు."

"దేవుడికి కనిపిస్తుంది మొహం."

"అయితే ఆ వాడినదెవరో ఆయన్నే అడుగు. ఊరికే మమ్మల్ని గుచ్చి గుచ్చి చూడకు." ఎల్‌రాయ్ గొట్టం విప్పి, చివర కారిన పాలు విదిలించాడు. "మీ ఇంట్లో వాళ్ళయితే కాదులే. అది మటుకు నయం."

వెటకారానికి అన్నాడో, ఓదార్పుకి అన్నాడో అతని మొహం చూస్తే తెలియలేదు. లారీ వెళ్ళిపోయాక కూడా ఆలోయిస్ అక్కడే ఉన్నాడు. మీసాల మీద ఊపిరి గడ్డకట్టింది.

ఇంట్లో వాళ్ళు. ఆ మాట ఇంతవరకు ఆయనకు తట్టలేదు.

*

లోపల ఆడవాళ్ళు తొట్టి చుట్టూ నిలబడి పలకలు తిప్పుతున్నారు. పాలు విరిగి గట్టిపడ్డాక పలకలుగా కోసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, అడుగుది పైకీ పైది అడుగుకీ మారుస్తూ ఉండాలి. లేకపోతే నీరు దిగదు. చేతులు ఆడుతుంటే నోళ్ళు కూడా ఆడతాయి. ఆలోయిస్ తలుపు తీయగానే నోళ్ళు ఆగాయి.

ఆయన తూకం బల్ల దగ్గర నిలబడ్డాడు. మామూలుగా అయితే ఒక ముక్క తీసి నోట్లో వేసుకుని, తాజా చీజ్ లాగా పంటి కింద కిచకిచమంటోందో లేదో చూసుకుని వెళ్ళిపోతాడు. ఇవాళ ముక్క తీయలేదు. మనుషుల్ని చూస్తున్నాడు. పెళ్ళయి పిల్లలు లేనిది ఎవరు. ఇద్దరు పుట్టి ఆగిపోయింది ఎవరికి. పెళ్ళే కానిది ఎవరు.

డార్లీన్ వీళ్ళందరిలోకీ పాతది. ఆమె పలక తిప్పి పెట్టి, మోచేత్తో నుదురు తుడుచుకుంది.

"ఏంటయ్యగారూ, తూకం తప్పిందా."

"తప్పలేదు."

"మరి మా మొహాలెందుకు తూస్తున్నారు."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ఒకరి నుంచి ఒకరికి అంటుకుని తొట్టి చుట్టూ తిరిగింది. తలలు వంచుకుని నవ్వుకున్నారు.

కోరిన్ ఒక్కతే నవ్వలేదు. కోరిన్ ఆయన కోడలు. కొడుకు టాడ్ పెళ్ళాం. ఆమె పలక అంచు పట్టుకుని, తిప్పకుండా, దానివైపే చూస్తోంది.

ఆలోయిస్ అది గమనించాడు. గమనించి, ఆఫీసు గదిలోకి వెళ్ళాడు.

గదిలో పెద్ద కూతురు జోలీన్ ఉంది. భర్తతో విడిపోయి ఊళ్ళోనే వేరే ఇంట్లో ఉంటుంది. ఫ్యాక్టరీ వ్యవహారమంతా ఆమెదే. మిగతా పిల్లలు వాటాలు వదులుకుని తలోవైపు పోయారు. ఇప్పుడు యజమానులు ముగ్గురే. ఆలోయిస్, జోలీన్, టాడ్. ఆ ముగ్గురూ ప్రమాణం చేసి సంతకం పెడితేనే కేసు నిలుస్తుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక లాయరు వస్తున్నాడు.

"తలుపేయండి నాన్నా, చలి."

ఆయన తలుపు వేశాడు. "ఆ పాలసీ నువ్వు మార్చావా."

"సోమవారం నుంచీ చూస్తున్నా, ఎప్పుడడుగుతారా అని. మార్చలేదు. నేనీ కుర్చీలో కూర్చునేటప్పటికే అది అట్లా ఉంది. ఉన్నదున్నట్టు కానిమ్మన్నారు మీరు. కానిచ్చాను."

"చదవలేదా."

"చదివాను."

"చదివి ఊరుకున్నావా."

"చదివి ఊరుకున్నాను." జోలీన్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "పనివాళ్ళెవరూ మానేసి పోవట్లేదు. ఎవరూ మనమీద కేసు పెట్టట్లేదు. నడిచే బండికి కర్ర అడ్డం పెట్టడమెందుకని."

"అది పాపమని తెలీదా నీకు."

"నాకు తెలిసింది నేను చెప్తాను, వింటారా. ఆ మాత్రల్ని మందుల షాపులో తలనొప్పి బిళ్ళల పక్కన పెట్టి అమ్మాలి. డాక్టరు చీటీ అక్కర్లేదు, ఇన్సూరెన్సు అక్కర్లేదు. కావలసినవాళ్ళు కొనుక్కుంటారు. నలుగురు పోటీపడి అమ్మితే ధర దానంతటదే దిగుతుంది. మధ్యలో వాషింగ్టనూ ఉండదు, మీరూ ఉండరు."

"నేనున్నానా మధ్యలో."

"ఉన్నారు. ఊళ్ళో ప్రతి ఆడదాని మంచం పక్కనా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. కావాలని కూర్చోలేదు, చట్టం కూర్చోబెట్టింది. అందుకనే సంతకం పెడతానన్నాను. ఇంకొకరి మెడలు వంచి కొనిపించడం నాకు గిట్టదు. మీ పాపం సంగతి మీది."

"ప్రమాణంలో మటుకు పాపమనే రాసి ఉంటుంది."

"అదే చూస్తున్నా." ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. "అక్కడే నాకు చెయ్యాడట్లేదు."

ఆలోయిస్ కూతుర్ని తేరిపార చూశాడు. ఆ చూపు ఆమెకు అర్థమైంది.

"నేనొంటరిగా ఉంటున్నానని ఊరందరికీ తెలుసు నాన్నా. మీ అనుమానానికి ఒక్కదానికే తెలీదా."

ఆయన వెనక్కి తిరిగాడు. తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేశాడు.

"నన్ను నిలదీసే బదులు, నాకంటే ముందు ఇదంతా ఎవరు చూశారో అడగండి," అంది జోలీన్.

"నీకు ముందు మీ అమ్మ చూసింది," అన్నాడు ఆలోయిస్ విసుగ్గా. ఆ మాట ఆయన నోట్లోంచే వచ్చింది. చెవికి మాత్రం ఎక్కలేదు. ఆయన కళ్ళకు ఇంకా తొట్టి దగ్గర నవ్వని మనిషే కనిపిస్తోంది.

*

కాఫీ వేళకు కోరిన్ పశువుల కొట్టంలోకి వెళ్ళింది. టాడ్ లేగదూడల చెవులకు గుడ్డ తొడుగులు కడుతున్నాడు. ఆవుల ఊపిరికి కొట్టం వెచ్చగా, పొగ కమ్మినట్టుగా ఉంది.

"మీ నాన్న నన్ను చూస్తున్నాడు," అంది.

"అందర్నీ చూస్తున్నాడు."

"అందర్నీ చూసి నా దగ్గర ఆగాడు."

టాడ్ ముడి బిగించాడు. దూడ తల విదిలించింది.

"ఏమనుకున్నావు," అంది కోరిన్.

"దేని గురించి."

"దేని గురించా."

మూడో కాన్పు తర్వాత కోరిన్ గుండె ఉబ్బిపోయింది. మెట్టు ఎక్కితే ఊపిరి అందేది కాదు. ఆస్పత్రి మంచం మీద నెల దాటింది. ఇప్పుడు తేరుకుంది, పనికొస్తోంది. కానీ ఇంకో కడుపు వస్తే ఈ గుండె మోయలేదని డాక్టరు వాళ్ళిద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది. వచ్చే మంగళవారం లూపు వేయించుకోవడానికి రమ్మంది. ఆ మాట కోరిన్‌కీ టాడ్‌కీ జోలీన్‌కీ తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు.

"సంతకం పెట్టకపోతే నాన్న నన్ను మనిషిలా చూడడు," అన్నాడు టాడ్.

"పెడితే?"

అతను మరో గుడ్డ తీసుకున్నాడు.

"పెడితే నేను మంగళవారం వెళ్ళకూడదు. అంతేనా."

"లాయరు అదే అన్నాడు. యజమానుల ఇళ్ళల్లో ఎవరూ వాడకూడదట. ఎవరన్నా వాడినట్టు తేలితే ప్రమాణం అబద్ధమవుతుందట." అతని గొంతు తగ్గింది. "రోజులు లెక్కచూసుకుందాం కోరిన్. ఇదివరకట్లాగే. చర్చి ఒప్పుకున్న పద్ధతేగా."

"రోజులు లెక్కచూసుకుంటేనే పుట్టింది చిన్నది."

కోరిన్ ఆవుల వరస చూపించింది.

"ఏది ఎప్పుడు ఎదకొస్తుందో నీకు నోటికొచ్చు. రాకపోతే సూది వేయిస్తావు, వద్దనుకుంటే ఆపిస్తావు. ఈనిన గొడ్డుని ఇన్నాళ్ళదాకా దాటించకూడదని నువ్వే పోట్లాడతావు సూది వేసేవాళ్ళతో. గొడ్డుకున్న గడువు నాకు లేదా టాడ్."

"నువ్వూ గొడ్డూ ఒకటా."

"అదే నేనూ అడుగుతున్నా."

అతను దూడని వదిలి నిలబడ్డాడు. "జోలీన్ అక్క డబ్బిస్తానందిగా. ఎవరికీ తెలీకుండా వెళ్ళొచ్చెయ్యి."

"నువ్వు బైబిలు మీద చెయ్యి వేసి మా ఇంట్లో ఇది పాపమని చెప్పిన వారమే, నేను దొంగలాగా వెళ్ళి వేయించుకుని రావాలి. అంతేగా. సరే, నాకు వదిన ఇస్తుంది. డార్లీన్ కూతురికి ఎవరిస్తారు." కోరిన్ ఒక్క క్షణం ఆగి ఊపిరి తీసుకుంది. "ఆ ఇన్సూరెన్సు మీ నాన్న దానం కాదు. తొట్టి దగ్గర నిలబడి మేం సంపాదించుకున్నది. కూలి కొంత చేతికిస్తారు, కొంత ఇట్లా ఇస్తారు. చేతికిచ్చినదాంతో నేను సారా కొనుక్కున్నా ఎవరూ అడగరు. దీనికెందుకు ప్రమాణాలు."

టాడ్ ఆమె మొహంలోకి చూడకుండా అడిగాడు.

"ఆ వాడినవాళ్ళల్లో నువ్వున్నావా."

"ఏంటి?"

"ఇదివరకు. నాకు చెప్పకుండా."

కోరిన్ అతన్ని కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"మందుల షాపువాడు మీ నాన్నతో పేకాడతాడు. డిట్టర్ వారి కోడలు వెళ్ళి వాడినేమడుగుతుంది. డిట్టర్ వారి ఇన్సూరెన్సులో అది ఉంటుందని ఎవరు కలగన్నారు. నాకు తెలిసుంటే వాడేదాన్నే. తెలిసుంటే ఈ గుండె ఇట్లా అయ్యేది కాదు." ఆమె కోటు గుండీలు పెట్టుకుంది. "నీకు కూడా అనుమానమొచ్చిందంటే మీ నాన్న రోగం నీకూ అంటింది."

*

శుక్రవారం. వాళ్ళ మతంలో ఆ రోజు మాంసం ముట్టరు. ఆలోయిస్ భార్య వెర్నా పెర్చ్ చేపలు పిండిలో దొర్లించి వేయిస్తోంది. ఉడికిన బంగాళాదుంపలు, పుల్లక్యాబేజి, రై రొట్టె బల్ల మీద ఉన్నాయి. పని రోజుల్లో మధ్యాహ్నం భోజనం కుటుంబమంతా ఆ వంటింట్లోనే. కోరిన్ చిన్న కూతురు మూల ఉయ్యాల తొట్లో నిద్రపోతోంది.

అందరూ కూర్చున్నారు. ఆలోయిస్ కూర్చోలేదు. కుర్చీ వెనక నిలబడి, దాని వీపు రెండు చేతులతో పట్టుకున్నాడు. ప్రార్థన చెప్పబోతున్నాడని అందరూ తలలు వంచారు.

"ఒక మాట," అన్నాడు ఆయన.

తలలు లేచాయి.

"కాసేపట్లో ఆ లాయరు వస్తాడు. దేవుడి మీద ప్రమాణం చేయిస్తాడు. మా ఇల్లు శుభ్రంగా ఉందని నేను చెప్పాలి. నాకిప్పుడు ఆ సంగతి తెలీదు." ఆయన కోడలి వైపు తిరిగాడు. "పొద్దున అందరూ నవ్వారు. నువ్వు నవ్వలేదు."

"నవ్వు రాలేదు మామయ్యా."

"ఎందుకు రాలేదు."

"నాన్నా," అన్నాడు టాడ్.

"నిన్నడగలేదు."

జోలీన్ ఫోర్కు తిరగేసి పెట్టింది. "ఇది పోలీసు స్టేషనా నాన్నా."

"నిన్నూ అడగలేదు."

కోరిన్ చేతులు రెండూ బల్ల మీద పెట్టింది. "దాచడం నాకు చేతకావట్లేదు, చెప్పేస్తాను. మంగళవారం లూపు వేయించుకోవడానికి వెళ్తున్నాను. ఇంకో కడుపు వస్తే నేను బతకనంది డాక్టరు. టాడ్ సంతకం పెట్టినా వెళ్తాను, పెట్టకపోయినా వెళ్తాను. మీరు ప్రమాణం చేసేటప్పుడు ఇది తెలిసి చేయండి."

పొయ్యి మీద నూనె చిటపటలాడింది. ఆలోయిస్ మొహం మెల్లగా ఎర్రబడి, మళ్ళీ మెల్లగా పాలిపోయింది.

"డాక్టరు ఆ మాటన్నదా."

"అంది."

"ఎప్పుడు."

"చిన్నది పుట్టినప్పుడు."

"నాకెవరూ చెప్పలేదు."

"మీకు చెప్తే ఫాదర్‌ని అడగమంటారు."

ఆయన తొట్లో పిల్ల వైపు చూశాడు. లోపల ఏదో మెత్తబడబోయినట్టే ఉంది. కానీ నాలుగు రోజులుగా పెంచిన అనుమానం ముందుకొచ్చింది.

"అయితే ఇన్నాళ్ళూ ఆ మాత్రలు వాడింది కూడా నువ్వే."

"కాదు."

"నమ్మమంటావా."

"నమ్మకపోతే నేనేం చేసేది."

"అది కాదు వాడింది," అంది వెర్నా.

పొయ్యి దగ్గర నుంచి, వీపు తిప్పకుండానే అంది. బల్ల దగ్గర వాళ్ళకి ముందు ఎవరు మాట్లాడారో అర్థం కాలేదు.

"నీకెట్లా తెలుసు," అన్నాడు ఆలోయిస్.

"అది ఉందనే దానికి తెలీదు గనక. నేను చెప్పలేదు గనక." వెర్నా చేప తిరగేసింది. "పాలసీలో దాన్ని ఉంచింది నేను."

టాడ్ కుర్చీ వెనక్కి జరిపాడు.

"చర్చి కింద హాల్లో పేకాట జరుగుతోంది ఆ రోజు. ఇన్సూరెన్సు ఏజెంటు మీ దగ్గరికే వచ్చాడు. ఆ ఆటలో రాణులే పెద్ద ముక్కలు, అన్నీ మీ చేతిలో పడ్డాయి. నన్ను కదపకు, నా మనుషులకి లోటు లేకుండా ఏది మంచిదో అదివ్వు, మిగతాది వెర్నాని అడుగు అన్నారు మీరు. అతను హాలు పక్కన వంటింట్లోకొచ్చాడు. నేను శాండ్‌విచ్‌లకి హామ్ కోస్తున్నా. కేథలిక్కులు కొందరు ఇది తీసేయమంటున్నారు, మిమ్మల్నీ తీసేయమంటారా అని అడిగాడు. ఉండనివ్వు అన్నాను."

"ఎందుకు," అన్నాడు ఆలోయిస్. అరవలేదు. నిజంగానే అర్థంకాక అడిగాడు.

వెర్నా అప్పుడు తిరిగింది. గరిటె చేతిలోనే ఉంది.

"నాకోసం కాదు. నాకప్పటికే ఆ వయసు దాటిపోయింది." ఆమె ఎప్పుడూ ఆయన్ని పేరుతో పిలవదు. మీ నాన్న అంటుంది, తాతయ్య అంటుంది. "ఆలోయిస్, ఏడో కాన్పయ్యాక నేను మిమ్మల్ని ఒకటడిగాను. గుర్తుందా. ఫాదర్‌ని అడగమన్నారు. ఫాదర్ని అడిగితే మీ ఆయన్నడగమన్నాడు. మీ ఇద్దరి మధ్యా తిరుగుతుండగానే ఎనిమిదోది కడుపున పడింది. అది దక్కలేదు. ఆ తర్వాత నేనెవర్నీ ఏమీ అడగలేదు."

జోలీన్ తల్లి వైపు చూస్తోంది. ఆ ఎనిమిదో బిడ్డ సంగతి ఆమె చిన్నప్పుడు తలుపు చాటున విన్నది. తల్లి నోట వినడం ఇదే.

"ఇన్నేళ్ళూ నా పక్కన కూర్చుని పూజ విన్నావు," అన్నాడు ఆలోయిస్.

"విన్నాను. ఆదివారం మళ్ళీ వస్తాను."

"ఆ లాయరుకి నేనేం చెప్పను."

"అది మీరూ మీ లాయరూ చూసుకోండి. నేను యజమానిని కాదుగా."

ఆలోయిస్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఒక్కసారిగా కూర్చోలేదు. కొంచెం కొంచెంగా దిగాడు.

అంతా అయిపోయిందనుకున్నారు. కోరిన్ లేచి నిలబడింది.

"అత్తయ్యా, మీకు తెలుసు," అంది.

వెర్నా గరిటె కింద పెట్టింది.

"నా పెళ్ళప్పుడు తెలుసు. మొదటిది పుట్టినప్పుడు తెలుసు. రెండోదానికి నేను మూడు పూటలా కక్కుకుంటుంటే నా తల పట్టుకున్నారు, అప్పుడూ తెలుసు. ఆస్పత్రిలో నాకు ఊపిరాడకపోతే మంచం పక్కన జపమాల తిప్పుతూ కూర్చున్నారు." ఆమె గొంతు పెంచలేదు. "మీ కోసం కాదు, నాలాంటివాళ్ళ కోసమని ఉంచారు. ఉంచి, నాకు చెప్పలేదేం."

పాలసీ చదివీ చెప్పని జోలీన్ తల వంచుకుంది. వెర్నా నోరు తెరిచింది. తొట్లో పిల్ల కదిలింది. ఆమె చూపు అటు పోయి, మళ్ళీ వచ్చింది.

"ఉంచడం చేతనైంది," అంది చివరికి. "చెప్పడం చేతకాలేదు."

"రెండు మాటలు అత్తయ్యా. పెరట్లో బట్టలారేస్తున్నప్పుడు, ఎవరూ లేనప్పుడు."

"తెలుసు."

"అంతేనా."

"చెప్తే నన్నేమనుకుంటావో అని. ఈ బల్ల దగ్గర చెప్తావేమో అని." వెర్నా చేపల పళ్ళెం తీసుకుంది. "నేను నిన్ను కూడా నమ్మలేదు కోరిన్."

ఆమె పళ్ళెం తెచ్చి బల్ల నడుమ పెట్టింది. కోరిన్ నిలబడే ఉంది. టాడ్ ఆమె మోచెయ్యి ముట్టుకోబోయాడు. ఆమె చెయ్యి తీసేసుకుని, తనంత తానే కూర్చుంది.

బయట కారు చప్పుడైంది. లాయరు. రోడ్లు బాగా లేవని ముందే బయలుదేరాడట. తలుపు కొట్టి, బూట్ల మంచు దులుపుకుంటూ లోపలికొచ్చాడు. చలికి చెవులు కందిపోయాయి. అందరికీ నమస్కారం అన్నాడు. అంతా సిద్ధమేనా అన్నాడు.

మా వైపు భోజనాల వేళ గుమ్మం ఎక్కినవాడికి పళ్ళెం పెట్టకుండా ఉండరు. వాడు ఎవరైనా సరే. జోలీన్ లేచి ఇంకో పళ్ళెం తెచ్చింది. లాయరు మొహమాటపడి, కూర్చున్నాడు. పత్రాల సంచి కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. జేబులోంచి పెన్ను తీసి, మరిచిపోకుండా ఉండటానికన్నట్టు, ఆలోయిస్ పళ్ళేనికీ టాడ్ పళ్ళేనికీ మధ్య పెట్టాడు.

ప్రార్థన ఆలోయిస్ చెప్పాలి. ఆయన చెప్పలేదు. లాయరు చేతులు జోడించి కాసేపు ఎదురుచూశాడు. వెర్నా ఎప్పుడూ అందరి పళ్ళేలూ నిండాకగానీ కూర్చోదు. ఇవాళ కూర్చుంది. ఒక చేప తీసి తన పళ్ళెంలో వేసుకుని, ముల్లు విడదీసి, తినడం మొదలుపెట్టింది. జోడించిన చేతులు లాయరు మెల్లగా విడదీసుకున్నాడు.

తింటున్నారు. దుంపల గిన్నె చేతులు మారింది. క్యాబేజి గిన్నె చేతులు మారింది. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు, ఎవరి చెయ్యి ఎక్కడుందో మాత్రం అందరికీ తెలుస్తోంది. లాయరు ఒక్కొక్కర్నే చూసి, ఏదో అడగబోయి, ఆలోయిస్ దవడ చూసి మానుకున్నాడు.

టాడ్ చెయ్యి చాచాడు.

నములుతున్న నోళ్ళన్నీ ఆగాయి. ఆ చెయ్యి పెన్ను పక్కనుంచి, దాని మీదుగా పోయి, రొట్టె ముక్క అందుకుంది.

అతను రొట్టెకు వెన్న రాసుకున్నాడు. అంచులదాకా, నెమ్మదిగా రాసుకున్నాడు. మళ్ళీ తినసాగారు.